“మందుల్లేకుండా పీసీఓడీ తగ్గదా అక్కా?”

ప్రశ్న: అక్కా, నాకు 24 ఏళ్ళు. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగం, పీజీ హాస్టల్లో ఉంటున్నా. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 71 కిలోలు. పీరియడ్స్ రెండు మూడు నెలలకోసారి వస్తాయి. చివరిసారి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు వచ్చినట్టు గుర్తు. గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయి, మెడ నల్లబడింది. స్కానింగ్‌లో రెండు వైపులా నీటి బుడగలున్నాయి, పీసీఓడీ అన్నారు. డాక్టరమ్మ టాబ్లెట్లు రాశారు. అవి వాడితే గర్భసంచి పాడైపోతుందని అమ్మ వద్దంటోంది. మా పెద్దమ్మ నెలకు 4,500 రూపాయల కషాయం పొడి తెప్పించింది, మూడు నెలల్లో వేళ్ళతో సహా పోతుందట. సంబంధాలు కూడా చూస్తున్నారు. మందుల్లేకుండా సహజంగా తగ్గించుకునే దారి చెప్పండి. పేరు వేయొద్దు.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. నేను డైటీషియన్ని, డాక్టర్ని కాను. ఇంకో సంగతి, నీకున్నదే నాకూ ఉంది. నాకు 21 ఏళ్ళప్పుడు మా ఇంట్లోనూ “ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి” అని, పక్క ఊళ్ళో పసరు పోసే ఒకాయన దగ్గరికి ప్రతి ఆదివారం తీసుకెళ్ళేవారు. ఏడు నెలలు పీరియడ్ రాలేదు. లోపల శుభ్రమవుతోంది అన్నాడాయన, మేం నమ్మాం. ఎనిమిదో నెలలో మొదలై పద్దెనిమిది రోజులు ఆగలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి హిమోగ్లోబిన్ 6.8కి పడిపోయింది. కాబట్టి ఈ విషయంలో నేను కాస్త గట్టిగా మాట్లాడితే ఏమీ అనుకోకు.

సహజం అనే మాటతో నాకు పేచీ లేదు. నువ్వు తినే తిండి, నిద్ర, నడక, బరువులెత్తడం, ఇవన్నీ సహజమే, వీటితో చాలా జరుగుతుంది, చెప్తాను. కానీ పొడి చేసి ప్యాకెట్లో కట్టి అమ్మేదేదైనా మందే. ఆకుతో చేసినా మందే, ఫ్యాక్టరీలో చేసినా మందే. డాక్టరమ్మ రాసిన టాబ్లెట్‌ని మీ అమ్మ అడిగిన ప్రశ్నలన్నీ పెద్దమ్మ పొడిని కూడా అడగాలి కదా! లోపల ఏముంది, ఎంత మోతాదు, ఎవరి మీద పరీక్షించారు, సైడ్ ఎఫెక్ట్స్ ఏంటి. నువ్వు రాసిన దాన్ని బట్టి చూస్తే దాన్ని ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు.

ముందు ఆ “నీటి బుడగలు” అన్న మాట నీ బుర్రలోంచి తీసెయ్. అవి గడ్డలూ కావు, పగలగొట్టాల్సిన తిత్తులూ కావు. ప్రతి నెలా కొన్ని అండాలు పెరగడం మొదలుపెడతాయి, అందులో ఒకటి పండి బయటికొస్తుంది. నీ విషయంలో ఏదీ పూర్తిగా పండకుండా సగంలో ఆగిపోతున్నాయి, ఆ సగం పెరిగినవన్నీ స్కానింగ్‌లో వరసగా కనిపిస్తాయి. 1935లో షికాగోలో స్టీన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్ళ గురించి రాసినప్పటి నుంచి ఈ సమస్యకు ఓవరీ (అండాశయం) పేరే తగులుకుంది, పీసీఓడీలో ‘ఓ’ అదే, పేరు చూసి అందరూ ఓవరీనే తిడుతున్నారు. మనలో చాలామందికి అసలు గొడవ ఇన్సులిన్ దగ్గరుంది.

అదెలాగంటే, అన్నం తిన్నాక రక్తంలో చక్కెర పెరుగుతుంది, దాన్ని లోపలికి తీసుకోమని కండరాలకు చెప్పేది ఇన్సులిన్. మన కండరాలకు కాస్త చెవుడు. ఒకసారి చెబితే వినవు, అందుకని ఒళ్ళు ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారుచేసి గట్టిగా అరుస్తుంది. చిక్కేంటంటే ఓవరీకి చెవులు బాగానే పనిచేస్తాయి. ఆ అరుపంతా విని అది మగ హార్మోన్లు ఎక్కువ తయారుచేస్తుంది. పైగా ఆ హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్ ఒకటి లివర్‌లో తయారవుతుంది, ఇన్సులిన్ ఎక్కువైతే అదీ తగ్గిపోతుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, అండం పండకపోవడం, అన్నీ అక్కడి నుంచే. నీ మెడ నలుపు కూడా ఇన్సులిన్ సంతకమే, మురికి కాదు. దయచేసి నిమ్మచెక్కతో, శనగపిండితో రుద్దడం ఆపు, చర్మం మండటం తప్ప ఏమీ రాదు.

ఇప్పుడు పని చెబుతా. ఆ చెవుడు తగ్గించాలి, అంతే. దానికి మూడు దారులున్నాయి: తిండి, కండ, నిద్ర.

తిండి గురించి రాయాలంటే మన భోజనం ఎలా ఉంటుందో ఒకసారి చూడు. పప్పుతో ఒక వాయి, కూరతో ఒక వాయి, చారుతో ఇంకో వాయి, పెరుగుతో ఆఖరి వాయి. ప్రతి వాయికీ అన్నం పెట్టుకోవాల్సిందే, పచ్చడి బాగుంటే ఇంకో ముద్ద. కూర అన్నానికి నంజుడుగా మిగిలిపోయింది. నేను పేషెంట్లకి బియ్యం మానేయమని చెప్పను, చెప్పినా పది రోజులే, పదకొండో రోజు బిర్యానీ మీద పడతారు, నేనూ పడ్డాను. వాయిలు తగ్గించమంటాను. ముందు కూర ఒక గిన్నెడు, ఉత్తదే, ఏ బెండకాయో గోరుచిక్కుడో దొండకాయో, చెంచాతో తిను. తర్వాత గట్టి పప్పు ఒక కప్పు, లేదంటే రెండు గుడ్లు. ఆ తర్వాత ఒకే ఒక కప్పు అన్నం, చారుతోనో పెరుగుతోనో నీ ఇష్టం. మజ్జిగ తాగేయ్, దానికి అన్నం తోడు అక్కర్లేదు. కూర, పప్పు ముందు, అన్నం చివర తింటే తిన్నాక చక్కెర పెరిగే వేగం తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం దాటొద్దన్నారు. మన ఇళ్ళల్లో చాలాచోట్ల అది 60, 70 దాకా ఉంటుంది.

చిరుధాన్యాల గురించి ఎలాగూ అడుగుతావు. కొర్రలు, సామలు మంచివే, పీచు ఎక్కువ. అలాగని పళ్ళెం నిండా కొర్రన్నం కుప్ప పోసుకుంటే అది కూడా పిండి పదార్థమే తల్లీ. రాగి జావ సంగతి ఇంకా తమాషా. పిండిని మెత్తగా ఉడికించి, బెల్లం కలిపి గటగటా తాగితే రక్తంలోకి చక్కెర పరిగెత్తుకొస్తుంది, పేరు మాత్రం హెల్తీ. అదే జొన్న రొట్టె అయితే నములుతూ తినాలి, ఒకటిన్నరకే కడుపు నిండుతుంది. మన దగ్గరే పుట్టిన తెలంగాణ సోనా, అదే ఆర్‌ఎన్‌ఆర్ 15048, మామూలు సన్నబియ్యం కంటే నెమ్మదిగా చక్కెర పెంచుతుంది, దొరికితే వాడు. దాన్ని షుగర్‌లెస్ బియ్యం అని అమ్ముతుంటారు, ఆ మాట మాత్రం అబద్ధం.

హాస్టల్లో ఇవన్నీ ఎక్కడ అక్కా అంటావు. నాకు తెలుసు, పొద్దున పూరీ, మధ్యాహ్నం అన్నం, ఆలుగడ్డ వేపుడు, నీళ్ళ సాంబారు. గదిలో ఒక కెటిల్, పుట్నాలు, పల్లీలు పెట్టుకో, పక్క కర్రీ పాయింట్‌లో ఒక పప్పు ప్యాకెట్, ఒక ఆకుకూర తెచ్చుకో. ఉడకబెట్టిన గుడ్లు, శనగ గుగ్గిళ్ళు చాలాచోట్ల దొరుకుతాయి. టిఫిన్లో పెసరట్టు దొరికిన రోజు పండగే, ఉప్మా లేకుండా. టీలు ఎన్ని తాగుతున్నావో రాయలేదు గానీ నైట్ షిఫ్ట్ కాబట్టి నాలుగైదు అనుకుంటున్నా. ఐదు టీలు, రెండేసి చెంచాలు, అంటే రోజుకు పది చెంచాల పంచదార. వారానికి ఒక అర చెంచా చొప్పున తగ్గించు, నాలుక అలవాటు పడిపోతుంది. పాలు, గోధుమలు మానేస్తేనే తగ్గుతుందని వీడియోల్లో చూసి ఉంటావు. అందరూ మానాల్సిందేననడానికి ఆధారం లేదు. ప్రపంచం మొత్తానికి పీసీఓఎస్ (పీసీఓడీకే ఇంకో పేరు) మార్గదర్శకాలు 2023లో కొత్తగా వచ్చాయి, ఫలానా డైటే మిగతావాటి కంటే గొప్ప అని అందులోనూ లేదు. నువ్వు ఏళ్ళ తరబడి తినగలిగేదే నీ డైట్.

బరువు గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తా. నువ్వు 55 కిలోలకి రానక్కర్లేదు. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా చాలామందికి పీరియడ్స్‌లో తేడా కనిపిస్తుంది, నీకైతే అది మూడున్నర కిలోలు. సన్నగా ఉన్నవాళ్ళకీ పీసీఓఎస్ వస్తుంది కాబట్టి లావైనందుకే వచ్చిందని ఎవరైనా అంటే పట్టించుకోకు.

ఇక కండ. చక్కెరను ఎక్కువగా మింగేది కండరమే, పైగా పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ పెద్దగా అరవకపోయినా చక్కెర లాక్కుంటుంది. అందుకే నడక ఒక్కటే చాలదంటాను. వారానికి 150 నిమిషాలు చెమట పట్టే నడక, దానికి తోడు రెండు రోజులు బరువులతో వ్యాయామం. జిమ్ అక్కర్లేదు. గోడకు ఆనుకుని గుంజీలు, మెట్లెక్కడం, అర బకెట్ నీళ్ళు రెండు చేతులా ఎత్తడం. మన అమ్మమ్మలు నీళ్ళ బిందెలు మోసి, రోట్లో రుబ్బి అదంతా డబ్బు ఖర్చు లేకుండా చేసేశారు (వాళ్ళ నడుం నొప్పుల సంగతి వేరే కథ). మీ ఆఫీసులో అర్ధరాత్రి భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు కారిడార్‌లో తిరుగు, సీట్లో వెంటనే కూలబడకు.

యోగా గురించి నాకు మొదట్లో చిన్నచూపు ఉండేది, అనంతపురం సంగతి చదివాక మారాను. అక్కడ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిలను పరీక్షిస్తే దాదాపు నూటికి తొమ్మిది మందికి ఈ సమస్య ఉన్నట్టు తేలింది. పీసీఓఎస్ ఉన్న 90 మందిని రెండు జట్లు చేసి 12 వారాలు రోజుకో గంట ఒక జట్టుతో యోగా, ఇంకో జట్టుతో మామూలు వ్యాయామం చేయించారు. యోగా చేసిన వాళ్ళలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్, ఇన్సులిన్ లెక్కలు ఎక్కువ మెరుగయ్యాయి, పీరియడ్స్ కూడా దారిలో పడ్డాయి. బరువులో మాత్రం రెండు జట్లకీ పెద్ద తేడా రాలేదు. ఈ ఆఖరి ముక్క నీకోసమే చెబుతున్నా, వేయింగ్ మెషిన్ కదలకపోతే ఏమీ జరగట్లేదని ఏడ్చి మానేస్తారు చాలామంది. లోపల జరుగుతూ ఉంటుంది.

నిద్ర విషయంలో నీ ఉద్యోగమే నీకు అడ్డం. పగటి షిఫ్ట్ అడిగే వీలుంటే అడుగు, సిగ్గుపడకు. లేదంటే రోజూ ఒకే టైముకి పడుకో, కిటికీకి నల్లటి దుప్పటి కట్టు, సెలవు రోజున షిఫ్టు తలకిందులు చేయకు. గురక పెడుతున్నావని రూమ్మేట్ చెప్పినా, ఎనిమిది గంటలు పడుకున్నా తల బరువుగా ఉన్నా ఆ మాట డాక్టర్‌కి చెప్పు, నిద్రలో ఊపిరి ఆగే సమస్య మనలో ఎక్కువ.

సహజంగా అన్నావు కాబట్టి వంటింటి వైద్యం సంగతి కూడా చెబుతా. పుదీనా టీ మీద 2010లో ఇంగ్లండ్‌లో 42 మంది మీద అధ్యయనం జరిగింది, నెల రోజులు రోజుకు రెండుసార్లు తాగితే టెస్టోస్టిరాన్ తగ్గింది, కానీ కొలిచి చూస్తే వెంట్రుకల్లో తేడా లేదు. నచ్చితే తాగు, పంచదార లేకుండా. మెంతులు, అవిసె గింజలు మంచి పీచు, అవిసె కారప్పొడి నేనూ తింటాను, మందని మాత్రం అనుకోను. దాల్చినచెక్క పొడి చెంచాలకు చెంచాలు వేసుకోకు, మన బజార్లో ఎక్కువగా దొరికే ముతక రకం మోతాదు మించితే లివర్‌కి మంచిది కాదు. పదిహేను రోజులు ఈ గింజలు, పదిహేను రోజులు ఆ గింజలు అని తిరగేసి తినడం వల్ల హార్మోన్లు సర్దుకుంటాయన్న దానికి సరైన రుజువు లేదు. ఇనోసిటాల్ అనే సప్లిమెంట్ సాచెట్ల వల్ల పెద్ద హాని లేదు, లాభానికి రుజువు బలహీనం. డబ్బులుంటే, డాక్టర్ సరే అంటే వాడొచ్చు, నేనైతే ఆ డబ్బుతో గుడ్లు కొంటాను.

పెద్దమ్మ పొడి సంగతి. డబ్బా మీద తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, లోపలున్న వాటి జాబితా ఉన్నాయా చూడు. లేకపోతే నోట్లో వేసుకోకు, పెద్దమ్మ బాధపడినా సరే. ఇలాంటి కొన్ని మందుల్లో సీసం, పాదరసం దొరికిన సందర్భాలున్నాయి, కొన్నింటిలో గుట్టుగా స్టీరాయిడ్లు కలుపుతారు, అవైతే బరువునీ షుగర్నీ ఇంకా పెంచుతాయి. ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే చదువుకున్న ఆయుర్వేద డాక్టర్ దగ్గరికే వెళ్ళు, నీ రిపోర్టులు చూపించు, ఇద్దరు డాక్టర్లకీ ఒకరి మందు సంగతి ఇంకొకరికి చెప్పు. “వేళ్ళతో సహా” అన్నవాళ్ళ దగ్గర మాత్రం ఆగకు. ఇది బీపీ లాంటిది, అదుపులో ఉంటుంది, వదిలేస్తే మళ్ళీ తల ఎత్తుతుంది.

మీ అమ్మగారి భయానికి వస్తాను. నువ్వు టాబ్లెట్ల పేర్లు రాయలేదు, మామూలుగా రాసేవి రెండు రకాలు. ఒకటి హార్మోన్ పిల్స్. అవి గర్భసంచిని పాడు చేయవు, పైగా కాపాడతాయి, ఎలాగో కింద రాస్తున్నా. అవి వాడినందువల్ల ఆపేశాక పిల్లలు పుట్టకపోవడం అంటూ ఉండదు. అయితే పిల్ వాడినంతకాలం నెలనెలా వస్తుంది, ఆపితే పాత కథే మొదలవుతుంది, అందుకే తిండి, వ్యాయామం పక్కన ఉండాలి. బీపీ, చూపు మసకబారి వచ్చే మైగ్రేన్, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే డాక్టరమ్మకి ముందే చెప్పు. రెండోది మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్ మాట వినని ఆ చెవుడు తగ్గించే టాబ్లెట్. నవ్వొచ్చే సంగతేంటంటే, సహజం కావాలనే వాళ్ళు దీన్నే ఎక్కువ తిడతారు, దీని మూలం యూరప్‌లో పెరిగే గాలెగా అనే మొక్కలో ఉంది. దాని ఆధారంగా 1922లో ల్యాబ్‌లో తయారుచేశారు, 1957 నుంచి షుగర్‌కి వాడుతున్నారు. మొదట్లో కడుపు తిప్పుతుంది, ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ బి12 పరీక్ష చేయించుకోవాలి.

పెళ్ళయితే అదే సర్దుకుంటుందని ఎవరైనా అంటే నమ్మకు, తాళి కట్టగానే ఇన్సులిన్ మాట వినదు. అలాగని పిల్లలు పుట్టరనీ కాదు. మనలో ఎక్కువమందికి పుడతారు, కొందరికి అండం విడుదలయ్యే టాబ్లెట్ల సాయం కావాలి, నాకూ కావాల్సి వచ్చింది, ఒక కూతురు. వచ్చే సంబంధం వాళ్ళకి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, నేనైతే అబ్బాయికి నేరుగా చెప్పాను. మధ్యవర్తి నోట పడితే పీసీఓడీ కాస్తా గర్భసంచి లేదన్న దాకా వెళ్తుంది.

గడ్డం వెంట్రుకలు వెంటనే పోవు, హార్మోన్లు సర్దుకున్నాక కూడా తేడా కనిపించడానికి కనీసం ఆరు నెలలు. ఈలోగా థ్రెడింగో, షేవింగో చేసుకో, షేవ్ చేస్తే దట్టంగా వస్తాయన్నది ఉత్త మాట.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఉండదు, గర్భసంచి లోపలి పొర నెలల తరబడి మందంగా పెరుగుతూనే ఉంటుంది. అలా ఏళ్ళు గడిస్తే ఆ పొర క్యాన్సర్ వైపు తిరిగే ముప్పు మామూలు వాళ్ళకంటే ఎక్కువ, అరుదే అయినా ఎక్కువ. ఆ పొరను కాపాడేది పిల్‌లోని ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోనే. నా పద్దెనిమిది రోజుల కథ కూడా ఇక్కడిదే. అందుకని 90 రోజులు దాటినా పీరియడ్ రాకపోతే కషాయమూ లేదు, యోగా లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ అడుగుతారు, అందరినీ అడుగుతారు, నొచ్చుకోకు. కొన్ని రోజుల టాబ్లెట్లతో పీరియడ్ తెప్పిస్తారు. వెళ్ళినప్పుడు థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్, కొలెస్ట్రాల్, బీపీ చూశారో లేదో అడుగు, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసే షుగర్ టెస్ట్ చేయమను. పరగడుపు షుగర్ ఒక్కటే చూస్తే మనలాంటి వాళ్ళలో తప్పిపోతుంటుంది.

“సంక్రాంతికి వచ్చినట్టు గుర్తు” అని రాశావు. నీ ఉత్తరం నాకు ఏప్రిల్ మొదటి వారంలో చేరింది. జనవరి 14 నుంచి లెక్కేస్తే ఏప్రిల్ 14కి సరిగ్గా 90 రోజులు. ఈ జవాబు నువ్వు చదివేటప్పటికి ఆ తేదీ దాటి ఉంటే ముందు అపాయింట్‌మెంట్ తీసుకో, పెసరట్టు సంగతి తర్వాత చూద్దాం. వచ్చి ఉంటే ఆ తేదీ ఫోన్‌లో రాసిపెట్టుకో, ఈసారి ఉత్తరంలో గుర్తు అని కాకుండా తేదీ రాయి.